మనవాళ్ళ ధర

మా లాండెల్ వీధిలో ఏ ఇంటికైనా రెండు ధరలుంటాయి. బోర్డు పెట్టి ఊరందరికీ అమ్మితే వచ్చేది ఒకటి, మనవాళ్ళకు ఇచ్చేది ఇంకొకటి. పెద్దవాళ్ళు పోయి ఇల్లు ఖాళీ అయితే, శుక్రవారం చర్చి వంటింట్లో చేపలు వేయించేటప్పుడు ఎవరో ఒకరు మాట కదుపుతారు. ఫలానా పిల్ల అద్దెలు కట్టలేక చస్తోంది, దానికిస్తే బాగుండును అని. అప్పుడు ఇల్లుగలవాళ్ళు అవతలివాళ్ళు మోయగలిగిన ధర చెబుతారు. కాయితాలు మాత్రం అన్నీ పద్ధతి ప్రకారమే రాస్తారు. తగ్గించి ఇచ్చామని ఎక్కడా రాయరు. తీసుకున్నవాళ్ళ పరువు పోకూడదు కదా. పశ్చిమ ఫిలడెల్ఫియాలో మా నల్లవాళ్ళ వీధులు ఇన్నేళ్ళూ మావిగా నిలిచాయంటే అందులో ఈ రెండో ధరకు పెద్ద వాటా ఉంది. అదే చివరికి ఎర్లీన్ టాలివర్ మెడకు చుట్టుకుంటుందని మాలో ఎవరికీ తోచలేదు.

ఎర్లీన్‌ది మా పక్కిల్లు. మా ఇళ్ళు ఒకదాన్నొకటి అంటుకుని వరసగా ఉంటాయి కాబట్టి మధ్య గోడ కూడా ఒకటే. ఆవిడ తుమ్మితే ఇటునించి నేను "చిరంజీవ" అంటాను. ముప్పై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు పంచింది. ఎనభై నాలుగులో చేరినప్పుడు అక్కడ సంచి భుజాన వేసుకున్న ఆడవాళ్ళు ముగ్గురే. మంచు పడగానే ఈ పిల్ల పారిపోతుందని పందెం కాసిన మగవాళ్ళందరూ ఆవిడకంటే ముందే రిటైరయ్యారు. ఎడమ పిక్క మీద కుక్క కరిచిన మచ్చ ఉంది. ఆ కుక్క పేరేమిటో, దాని యజమానికి ఎక్కడెక్కడి నుంచి నోటీసులొచ్చేవో ఆవిడకు ఇప్పటికీ గుర్తే, కానీ చచ్చినా చెప్పదు. ఒకరి ఉత్తరాల సంగతి ఇంకొకరి దగ్గర అనడం ఆవిడ దృష్టిలో దొంగతనం కంటే పెద్ద తప్పు.

నా పేరు ఆర్విల్ గాస్కిన్స్. నలభై ఏళ్ళు సిటీ బస్సు నడిపాను. నాకు నోరు కాస్త ఎక్కువ.

ఎర్లీన్‌కు పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా అక్క ఒఫీలియా. ఇద్దరూ కలిసే ఉండేవారు. రెండేళ్ళ క్రితం ఒఫీలియా మెట్ల మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి తిన్నగా నర్సింగ్ హోముకు తీసుకెళ్ళారు. మా ఇళ్ళలో స్నానాల గది మేడ మీదే ఉంటుంది. కింద ఒక పడకగది, ఒక స్నానాల గది కట్టించి చూపిస్తే పంపిస్తామన్నారు అక్కడివాళ్ళు. ఈ ఏడాది ఈస్టర్ లోపల కాకపోతే ఆవిణ్ణి ఎప్పటికీ అక్కడే ఉండేవాళ్ళ అంతస్తుకు మార్చేస్తామని కూడా చెప్పారు. ఆ అంతస్తు నుంచి ఇంటికి నడిచొచ్చినవాళ్ళను నేను చూడలేదు.

ఇంటి మీద పాత అప్పు కొంత ఉన్నా, ఇంటి విలువ ఉండాల్సినంత ఉంటే పని చేయించడానికి సరిపడా లోను వచ్చేస్తుంది. అందుకని జనవరిలో బ్యాంకువాళ్ళు ఇంటికి విలువ కట్టే మనిషిని పంపించారు. చక్కటి కోటు వేసుకున్న తెల్లాయన. పద్దెనిమిది నిమిషాలున్నాడు. నేల కింది గదిలోకి తొంగి కూడా చూడలేదు. గోడ మీది ఫోటోలు మాత్రం బాగానే చూశాడు. తాతగారు సైన్యం బట్టల్లో, అమ్మ చర్చి టోపీలో, ఒఫీలియా పట్టా పుచ్చుకుంటూ. పోతూ పోతూ, "ఈ ఇంట్లో మీరు అద్దెకుంటున్నారా?" అని అడిగాడట.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఎర్లీన్ దాన్ని పట్టుకుని మా వంటింట్లోకి వచ్చి నా టిఫిన్ పళ్ళెం పక్కకు జరిపేసింది.

"కళ్ళద్దాలు పెట్టుకో."

"గుడ్డు చల్లారిపోతుందే తల్లీ."

"చల్లారనీ. లక్షా పద్దెనిమిది వేల డాలర్లు కట్టాడు నా ఇంటికి. కెల్టన్ అవెన్యూ దాటితే ఇదే ఇల్లు రెండున్నర లక్షలకు పోతోంది. లోను సగం కూడా రాదట."

ఇంటి విలువ కట్టేవాళ్ళు చుట్టుపక్కల ఈ మధ్య అమ్ముడుపోయిన ఇళ్ళు మూడు ఏరి, వాటితో పోల్చి, తేడాలను బట్టి కొంత కలిపీ తీసేసీ ధర వేస్తారు. రిపోర్టులో ఆ మూడు పోలిక ఇళ్ళ చిరునామాలూ ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషికి చిరునామాలు చూపించాడాయన. ఎర్రకలం అప్పటికే పని చేసేసింది.

"మొదటిది చూడు. ఉత్తరాన మైలున్నర దూరం. కప్పు కాలిపోతే వేలంలో కొన్నారు. అందులో ఎలుకలు కూడా ఉండవు. రెండోది..." అంటూ ఆగింది. "రెండోది మా పిన్ని నాకు రాసిపోయిన ఇల్లు, ఆర్విల్. పోయిన ఏడాది కెండ్రాకిచ్చానే, అది."

కెండ్రా ఆవిడ చర్చిలో బాప్టిజం నాడు చేతుల్లో ఎత్తుకున్న పిల్ల. కిడ్నీ రోగులకు రక్తం శుద్ధి చేసే చోట పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలతో అద్దె ఇల్లు వదిలి వీధిన పడే సమయానికి ఎర్లీన్ పిలిచి, అరవై నాలుగు వేలకు ఇల్లు రాసిచ్చింది. ఆ అరవై నాలుగే ఇప్పుడు ఆవిడ సొంత ఇంటికి కొలబద్ద అయి కూర్చుంది. ఇంటి పేర్లు వేరు కాబట్టి ఆ కోటాయనకు అది అయినవాళ్ళ అమ్మకమని తెలిసి ఉండదు. ఆ మాత్రం న్యాయం నేనూ చెబుతాను.

"నా చేత్తో నేనే మా అక్క దారి మూసేశానా?" అంది. అంత చిన్న గొంతు ఆవిడ దగ్గర నేను అంతకుముందు వినలేదు.

వెంటనే ఆ గొంతు మామూలైపోయింది. "సరే, మూడోది చూడు."

చూశాను. మా అమ్మ ఇల్లు. రెండేళ్ళ క్రితం మా చెల్లెలి కొడుకు టెరెల్‌కు అమ్మాను. డెబ్బై ఒక్క వేలు అని అచ్చులో పడి ఉంది.

"ఏమయ్యా, లక్షా తొంభైకి అమ్మానని కార్నీలియస్ కొట్టులో కోతలు కోశావుగా? టెరెల్‌గాణ్ణి పిండేశానన్నావు. నువ్వెంత గట్టివాడివని ఊరంతా చెప్పుకుంది!"

గుడ్డు నిజంగానే చల్లారిపోయింది. నేను తల వంచుకుని అదే తిన్నాను.

బ్యాంకులో లోన్లు చూసే అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. రిపోర్టు తప్పనిపిస్తే మళ్ళీ చూడమని అడగొచ్చు, కానీ కాయితాలు కావాలంది. ఆ రెండూ అయినవాళ్ళకు తగ్గించి ఇచ్చిన అమ్మకాలని అమ్మినవాళ్ళు నోటరీ ముందు సంతకం పెట్టాలి. వాటి బదులు చూడదగిన ఇళ్ళ వివరాలు కూడా ఇవ్వాలి.

రెండో పని ఎర్లీన్‌కు కాళ్ళతో వచ్చిన విద్య. ఫిబ్రవరి చలిలో పాత బూట్లు వేసుకుని తన గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ బయల్దేరింది, నేను వెనకాల ఫోటోలు తీస్తూ. కెల్టన్ అవెన్యూ దాటడానికి నాలుగు వందల పన్నెండు అడుగులు. ఆ కోటాయన ఉత్తరానికి మైలున్నర పోయాడు గానీ ఈ నాలుగు వందల అడుగులు దాటలేదు. అవతల ఉండేది ఎక్కువమంది తెల్లవాళ్ళు. రెండు పక్కలా ఇళ్ళు కట్టింది ఒక్క మేస్త్రీయే. అదే ఇటుక, అదే వరండా, తలుపుకు ఎడం పక్కన అదే ఎత్తులో ఉత్తరాల కంత. ఆ కంతల్లోకి వేళ్ళు పెట్టీ పెట్టీ గోళ్ళు అరగదీసుకున్న మనిషి కాబట్టి ఆవిడ చెబితే నేను నమ్మాను.

అవతల గ్రెటా అనే సంగీతం టీచరుంది, తెల్ల ముసలావిడ. ఇరవై ఏళ్ళు ఆవిడ ఉత్తరాలు ఎర్లీనే వేసింది. తలుపు తీసి చూసి, "అయ్యో, మా ఎర్లీనా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. టేపు పెట్టి ఇల్లంతా కొలుచుకోనిచ్చింది. అంగుళం తేడా లేదు. పక్కిల్లు పోయిన అక్టోబరులో రెండు లక్షల నలభై ఎనిమిది వేలకు పోయిందని చెప్పింది. అలాంటివే ఇంకో నాలుగు దొరికాయి. ఆ ధరలన్నీ సిటీ రికార్డుల్లో సరిచూసి రాసుకున్నాం.

మిగిలింది నా సంతకం.

మా పేటలో నోటరీ ముద్ర ఉన్నది మంగలి కార్నీలియస్ దగ్గరే. కుర్చీ పక్కనే దువ్వెనలు, దువ్వెనల పక్కనే ముద్ర. దాని కోసం ఇంకెక్కడికైనా పోదామంటే ఎర్లీన్ వినలేదు. శనివారం పొద్దున కొట్టు నిండా జనం ఉన్నప్పుడు లాక్కెళ్ళింది. ముద్ర వేసే ముందు కాయితం చదవాలి కదా అని కార్నీలియస్ పైకి చదవడం మొదలెట్టాడు. కావాలనే చదివాడు, నాకు తెలుసు.

"'ఆర్విల్ గాస్కిన్స్ అనే నేను, మా తల్లిగారి ఇంటిని, రెండు లక్షలు పలికే ఇల్లని తెలిసే, నా చెల్లెలి కొడుక్కి డెబ్బై ఒక్క వేలకు...' ఏంట్రోయ్! డెబ్బై ఒకటా?"

కొట్టు గొల్లుమంది. "పిండేశానన్నావుగదరా!" అని ఒకడు, "వాడే నిన్ను పిండాడన్నమాట!" అని ఇంకొకడు. నా చెవులు కాలిపోయాయి. టెరెల్ దానం పుచ్చుకున్నాడనుకుంటారని నేను అబద్ధం చెప్పాను, అది నిజమే. కానీ నేను మెత్తటివాణ్ణని అనుకుంటారేమోనన్న భయం కూడా ఉంది, అదీ ఒప్పుకుంటాను.

నవ్వులు ఆగాక మూలనుంచి ముసలి లూథర్ అన్నాడు, "నవ్వకండిరా. నేనూ మా వదిన ఇల్లు అట్టాగే ఇచ్చాను. ఎనభైకి." గెడ్డం గీయించుకుంటున్న ఇంకొకాయన సబ్బు మొహంతోనే చెయ్యి ఎత్తాడు. అంతమంది అబద్ధాలకోరుల మధ్య ఇన్నాళ్ళూ కూర్చుని డొమినోలు ఆడానని అప్పుడు తెలిసింది.

అందరికీ నవ్వు రాలేదు. హెర్షెల్ అని వీధి చివర ఉంటాడు. విసురుగా లేచి, "బాగుంది సరదా! మీ దయాధర్మాలతో మా ఇళ్ళు కూడా చవకైపోయాయి. పోయిన ఏడాది నాకూ లోను రాలేదు. ఇందుకా? ఇక మీదట అయినవాడూ లేదు, కానివాడూ లేదు. ఎవడైనా సరే పూర్తి ధర కట్టాల్సిందే!" అన్నాడు.

హెర్షెల్ మాటలో తప్పేముందని నాకూ అనిపించింది.

"నీ కోపం న్యాయమే, హెర్షెల్," అంది ఎర్లీన్. "వారం రోజులుగా నేనూ నన్ను అట్టాగే తిట్టుకుంటున్నా. కానీ విను. కెండ్రా పిల్లలు ఇవాళ ఇంట్లో పడుకుంటున్నారు. అది నేను వెనక్కి తీసుకోను. అవెన్యూ అవతలివాళ్ళు తమ పిల్లలకు ఇళ్ళు చవగ్గా ఇచ్చుకోరా? ఇచ్చుకుంటారు. ఇరవై ఏళ్ళు ఆ గుమ్మాలు తొక్కినదాన్ని, నాకు తెలుసు. వాళ్ళ ఇళ్ళకు ధర కట్టేటప్పుడు అది పక్కన పెట్టి, ఇంకో నాలుగిళ్ళు చూస్తారు. మనకు మాత్రం అవెన్యూ దగ్గర గీత గీసి, ఈ పక్క దొరికినవాటితోనే సరిపెట్టారు. ఆ గీత గీసినవాణ్ణి వదిలేసి కెండ్రాను తిడతావేంటయ్యా?"

హెర్షెల్ మళ్ళీ కూర్చున్నాడు. కార్నీలియస్ ముద్ర వేశాడు, డబ్బులు తీసుకోలేదు.

అవన్నీ కట్టగట్టి బ్యాంకుకిచ్చాం. పది రోజులకు ఆ కోటాయన దగ్గర్నుంచి ఒకే ఒక్క వాక్యం జవాబొచ్చింది. విలువలో మార్పు లేదట. కెల్టన్ అవెన్యూ అవతలిది వేరే పేట కిందికి వస్తుందట. ఆ పేటలో ఇరవై ఏళ్ళు, ఈ పేటలో పదకొండేళ్ళు ఒకే సంచితో తిరిగిన మనిషికి రాశాడు ఆ మాట!

ఎర్లీన్ ఊరుకోలేదు. వేరే మనిషిని పంపండి, లేదంటే పైవాళ్ళకు ఫిర్యాదు రాస్తానని బ్యాంకుకు పోయి కూర్చుంది. పంపుతామన్నారు, గురువారం వస్తారన్నారు.

ఆ సంగతి తెలిసి గ్రెటా మా వీధికి వచ్చింది. "ఎర్లీన్, నేను చెప్పేది తప్పుగా అనుకోకు. గురువారం నేనొచ్చి మీ ఇంట్లో కూర్చుంటాను. మీ ఫోటోలు తీసి లోపల పెట్టెయ్. నాకు తెలిసిన ఒకావిడ ఇట్టాగే చేస్తే లక్ష పెరిగింది" అంది. మనసు మంచిది, కాబట్టే ఆ మాట అనడానికి మొహం ఎర్రబడింది.

నేను వెంటనే అందుకున్నాను. "ఈస్టర్ ఇంక ఏడు వారాలే. పౌరుషానికి పోతే ఒఫీలియా అక్కడే ఉండిపోతుంది. ఒక్క పూట. మీ తాత ఏమీ అనుకోడు."

"ఆయన బతికినన్నాళ్ళూ తెల్లవాళ్ళ ఇళ్ళల్లోకి వెనక గుమ్మంలోంచే వెళ్ళాడు. ఇప్పుడు నా ఇంట్లో కూడా పరుపు కింద దాక్కోమననా?" అంది ఎర్లీన్. అన్నదే గానీ, గ్రెటా వెళ్ళాక స్టూలు తెచ్చింది. ఒక్కొక్క ఫోటో తీసి నా చేతికిచ్చింది. తాత, అమ్మ, ఒఫీలియా. గోడ మీద వాటి చోటల్లా తెల్లగా చదరాలు మిగిలాయి. చేస్తున్నది నా సలహాయే అయినా నాకు ఏడుపొచ్చింది.

ఒఫీలియా ఫోటో దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. నా చేతిలోంచి మళ్ళీ లాక్కుంది.

"ఇది ఎవరి కోసం చేస్తున్నానో వాళ్ళ మొహమే దాస్తున్నాను, ఆర్విల్. వద్దు. తప్పు వాడి కాయితంలో ఉంది, నా గోడ మీద లేదు. కాయితంతోనే తేల్చుకుంటా."

"తేలకపోతే?"

"తేలకపోతే..." అంటూ ఆవిడ మళ్ళీ మేకులకు ఫోటోలన్నీ తగిలించింది.

గురువారం వచ్చింది ఇంకో తెల్లావిడే. గమ్‌బూట్లు, మట్టి పట్టిన కోటు. నా ఆశ అక్కడే జారిపోయింది. కానీ ఆవిడ నేల కింది గదిలోకి దిగింది, కప్పు ఎక్కింది, రెండు గంటలు ఉంది. ఫోటో చూసి, "మీ తాతగారా?" అని అడిగి ఊరుకుంది. ఎర్లీన్ ఇచ్చిన కట్ట మొత్తం వరండాలో నిలబడే చదివింది. నా సంతకం దగ్గర ఒకసారి నవ్వింది కూడా. తర్వాత కారు అక్కడే వదిలేసి నడుచుకుంటూ కెల్టన్ అవెన్యూ దాటింది. ఎర్లీన్ కిటికీలోంచి చూస్తూ, "దాటింది ఆర్విల్, దాటింది!" అని నా భుజం మీద ఒక్కటిచ్చింది. రెండు రోజులు నొప్పి పోలేదు.

రెండు లక్షల ముప్పై ఒక్క వేలు కట్టింది. గ్రెటా పక్కింటి ధర కంటే పదిహేడు వేలు తక్కువ. ఆ పదిహేడు వేలు దేనికని నాకు ఒళ్ళు మండింది. ఎర్లీన్‌కూ మండింది. అయినా ఆవిడ నవ్వుతూనే సంతకాలు పెట్టింది, లోను వచ్చింది, మార్చిలో పని మొదలైంది. గోడకవతల నాలుగు వారాలు ఒకటే సుత్తి చప్పుడు. ఒక్కసారి కూడా కేకలెయ్యలేదు నేను, నా జన్మలో అదో వింత.

మొదటి కోటాయన గురించి ఎర్లీన్ ఫిర్యాదు కూడా రాసింది. అది ఇంకా నడుస్తోంది. తన పాత కాయితాలు పట్టుకుని హెర్షెల్ ఈ మధ్య ఆవిడ వరండాలోనే కనిపిస్తున్నాడు. ఇప్పుడు మా వీధిలో మనవాళ్ళకు ఇల్లిస్తే, అయినవాళ్ళని తగ్గించి ఇచ్చామని కాయితంలోనే ఒక వాక్యం రాయిస్తున్నాం. కార్నీలియస్ చదివి మరీ ముద్ర వేస్తాడు. మొదట్లో సిగ్గుపడ్డారు. నా కంటే ఎక్కువ సిగ్గుపడినవాళ్ళు లేరు కాబట్టి అందరికీ ధైర్యం చెప్పే పని నాకే అప్పగించారు.

ఈస్టర్ ముందు బుధవారం ఒఫీలియా వచ్చింది. కెండ్రా కారులో తీసుకొచ్చింది, టెరెల్ మెట్ల మీద ఎత్తుకున్నాడు. "నన్ను దించరా, నేనేం పెళ్ళికూతుర్ని కాదు" అని వాణ్ణి తిట్టి, నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని హాల్లో నడిచింది. గోడ మీద తన ఫోటో చూసుకుని, "నా టోపీ వంకరగా ఉంది, ఎవరూ చెప్పలేదేం" అంది. కొత్త పడకగది చూసింది, మంచం నొక్కి చూసింది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది. పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఎర్లీన్ తలుపు దగ్గర నిలబడింది, వేలు మడిచి కొట్టబోయి ఆగింది, మళ్ళీ కొట్టబోయింది.

"అక్కా? సాయం రానా?"

"ఏవే, అక్కడ కాపలా కాస్తున్నావా?" లోపలినుంచి ఒఫీలియా గొంతు ఖంగుమంది. "రెండేళ్ళయిందే, ఎవరూ పక్కన నిలబడకుండా నేను స్నానం చేసి. పో అవతలికి!"

ఎర్లీన్ వంటింట్లోకొచ్చి కుర్చీలో కూలబడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, మొహం నిండా నవ్వు.

"నన్ను పొమ్మంది, ఆర్విల్," అంది.